పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ కొట్టుకుంటోందా? విప్పకముందు వినండి

(బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో పోయిన ఆదివారం పొద్దున తెలుగువాళ్ళం కూర్చున్నప్పుడు, 22 ఏళ్ళుగా ఇక్కడే గ్యారేజీ నడుపుతున్న మదనపల్లె అన్న మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

నమస్కారమండీ అందరికీ. మొదలుపెట్టే ముందు ఒకటి అడగాలి. శబ్దం వస్తోందన్న నాలుగు బండ్లని రాత్రి నుంచి కదిలించొద్దని నిన్న గ్రూపులో పెట్టించాను కదా, కదిలించలేదు కదా? పాలకని, కొత్తిమీరకని పొద్దున్నే ఎవరూ తీయలేదు కదా? సరే, మంచిది. అవి అట్లే ఉండనీయండి. ఇక్కడ మాట్లాడుకున్నాక అందరం బేస్‌మెంట్‌లోకి దిగుదాం. అప్పటిదాకా ఎవరూ వెళ్ళి సెల్ఫ్ కొట్టొద్దు, దయచేసి.

ఎందుకింతగా చెప్తున్నానంటే, ఈ జబ్బు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేసరికి మాయమైపోయే జబ్బు. పొద్దున ఇంటి దగ్గర కడకడమని కొట్టుకుంటుంది, మీరు అరగంట ట్రాఫిక్‌లో నడిపి గ్యారేజీకి తెచ్చేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, చప్పుడే ఉండదు. మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తాడు, ఏం లేదు సార్ బాగుంది అంటాడు. లేదా ఏమీ వినకుండానే ఇంజన్ దించాలి సార్ అంటాడు, ఇది ఇంకా ప్రమాదం. రెండు మాటల్లోనూ తప్పు ఒకటే కదండీ? అతను ఆ శబ్దం వినలేదు. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్ళకి చెప్తా, సాయంత్రం తెచ్చి వదిలిపెట్టి పొండి, రాత్రంతా ఇక్కడే ఉండనీయండి, పొద్దున ఆరుకి మొదటి సెల్ఫ్ నేనే కొడతా అని. కొంతమందికి కోపం వస్తుంది, రాత్రంతా బండి లేకుండా ఎట్లా అని. కానీ చల్లటి ఇంజన్ మీద మొదటి సెల్ఫ్ రోజుకి ఒక్కటే దొరుకుతుందండీ. అది పోయిందంటే మళ్ళీ రేపే.

మూడేళ్ళ కిందట మారతహళ్ళి నుంచి ఒక నెల్లూరు అబ్బాయి వచ్చాడు. చిన్న పెట్రోల్ బండి, 60 వేల కిలోమీటర్లు తిరిగింది. వర్క్ ఫ్రమ్ హోమ్, బండి వారానికి ఒకసారి తీస్తాడు. తీసిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు గడగడ గడగడ, తర్వాత ఏమీ లేదు. ఎక్కడో చూపిస్తే బేరింగులు పోయాయి, హాఫ్ ఇంజన్ చేయాలి, 50 వేలు అవుతుందన్నారంట. అబ్బాయి మొహం వాడిపోయింది పాపం, అప్పుడే పెళ్ళి కుదిరింది, ఆ డబ్బు దానికి దాచుకున్నాడు. రాత్రి బండి ఉంచుకున్నా. పొద్దున స్టార్ట్ చేయకుండానే ముందు ఆయిల్ ఫిల్టర్ విప్పా. అడ్డంగా బిగించే రకం ఫిల్టర్ అది. దాన్లో ఆయిల్ నిండా ఉండాలి కదా? చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బా. అంతే, విషయం అక్కడే తెలిసిపోయింది. మంచి ఫిల్టర్ ఒకటి, స్పేర్ పార్టులు దొరికే జె.సి. రోడ్డులో తెప్పిస్తే 300 లోపు. ఆయిల్ కూడా మార్చా. మర్నాడు, ఆ తర్వాత వారం, శబ్దం లేదు. ఇప్పటికీ అదే ఇంజన్ తిరుగుతోంది.

మరి ఖాళీ ఫిల్టర్‌కీ గడగడకీ సంబంధమేంటి?

ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1880ల్లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అని ఒక ఇంజనీరు రైలు ఇరుసుల్లో వాడేలాంటి బేరింగ్‌ల మీద పరీక్షలు చేశాడు. బేరింగ్ పైన ఒక రంధ్రం పెట్టాడు, ఆయిల్ పోయడానికి. ఇరుసు తిరుగుతుంటే ఆ రంధ్రంలోంచి ఆయిల్ లోపలికి పోకుండా పైకి తన్నుకొస్తోంది. కార్కు పెట్టి మూశాడు, ఊడిపోయింది. చెక్క బిరడా దిగ్గొట్టాడు, అదీ ఊడి బయటికొచ్చింది. ఏంటిదని ప్రెషర్ గేజ్ పెడితే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటేసింది. అర్థమవుతోందా? తిరిగే ఇరుసే ఆయిల్‌ని బేరింగ్ కిందకి లాక్కుపోతోంది, ఆ ఆయిల్ మీద బేరింగ్ తేలుతోంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య తాకిడే లేదు. దీనికి లెక్క కట్టి చూపించింది ఆస్బోర్న్ రేనాల్డ్స్, 1886లో. ఈరోజు మీ బండ్లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, తిరిగేది కూడా అదే సూత్రం మీద. క్రాంక్‌కీ బేరింగ్ షెల్‌కీ మధ్య సందు మీ వెంట్రుక కంటే సన్నం, మిల్లీమీటర్‌లో వందో వంతులు మూడో నాలుగో ఐదో. ఆ సందు నిండా ఆయిల్ ఉన్నంతసేపూ చప్పుడు ఉండదు. నాకు ఈ బిరడా సంగతి ఎప్పుడు తల్చుకున్నా ఆశ్చర్యమే, పని నేర్చుకునే పిల్లలకి స్పానర్ ఇవ్వకముందే ఇది చెప్తా.

ఇప్పుడు రాత్రి సంగతి. ఇంజన్ ఆపేస్తే పైనున్న ఆయిల్ మెల్లగా కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగిపోతుంది. అది మామూలే. ఉన్న సన్నటి పొర కొంతవరకు కాపాడుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టాక పంపు మళ్ళీ ఆయిల్ లాగి, ఫిల్టర్ నింపి, దారులన్నీ నింపి పైన వాల్వ్‌లని తెరిచే క్యామ్ దాకా పంపాలి. చల్లటి ఇంజన్ 1200 ఆర్‌పీఎం మీద లేస్తుంది అనుకోండి, సెకనుకి 20 చుట్లు. ఫిల్టర్ నిండుగా ఉంటే ఒక సెకను లోపలే ఆయిల్ అందుతుంది. ఫిల్టర్ ఖాళీ అయితే ముందు అది నిండాలి. మూడు సెకన్లు ఆలస్యమైతే 60 చుట్లు ఎండుగా తిరిగినట్టు. రోజూ 60 చుట్లు. అందుకని ఫిల్టర్ లోపల ఒక రబ్బరు పొర పెడతారు, యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ అంటారు, ఆయిల్ వెనక్కి జారకుండా. చవక ఫిల్టర్లలో ఆ రబ్బరు వేడికి బిరుసెక్కి మూసుకోదు. సిలికాన్ అయితే మెత్తగా ఉంటుంది. నోరు పైకి ఉండేలా నిలువుగా బిగించే ఫిల్టర్‌కి ఇది పెద్ద సమస్య కాదు, అడ్డంగా, తలకిందులుగా ఉండేవాటికే. మీ బండ్లో ఎట్లా ఉందో ఈసారి సర్వీసులో అడిగి చూడండి.

బెంగళూరులో ఇంకోటి ఉంది. మన బండ్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. సోమవారం సిల్క్ బోర్డ్ దగ్గర గంట సేపు ఫస్ట్ గేర్, తర్వాత నాలుగు రోజులు బేస్‌మెంట్‌లో. మీటర్ మీద కిలోమీటర్లు పెరగవు, కానీ ఇంజన్ గంటలు పెరుగుతాయి, ఆయిల్ మురికవుతుంది. 10 వేల కిలోమీటర్లకి మార్చమని బుక్‌లో ఉందండీ అంటారు. అదే బుక్‌లో వెనక పేజీల్లో ట్రాఫిక్‌లో, దుమ్ములో, చిన్న చిన్న దూరాలు తిరిగితే ముందుగానే మార్చమని కూడా ఉంటుంది, అది ఎవరూ చదవరు. ఇక్కడ తిరిగే బండికి నేనైతే 6, 7 వేలకే మారుస్తా. మురికి ఆయిల్ జిగురుగా మారి చాంబర్‌లో ఉండే జల్లెడకి పట్టిందంటే ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా ఆయిల్ ఆలస్యంగానే వస్తుంది.

శబ్దం ఎంతసేపు ఉంది, ఎక్కడ ఉంది

ఇక అన్ని శబ్దాలూ ఫిల్టర్ వల్లే రావు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. నేను మొదట అడిగేది, ఎంతసేపు? ఒకటి రెండు మూడు సెకన్లా, ఐదు నిమిషాలా, వేడెక్కాక కూడా ఉందా, వేడెక్కాక పెరుగుతోందా? ఈ నాలుగింట్లోనే సగం జవాబు ఉంది.

రెండు మూడు సెకన్లలో పోతే ఆయిల్ ఆలస్యమో, క్రాంక్‌తో క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైనో. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ చాలా బండ్లలో ఆయిల్ ప్రెషర్ మీదే పని చేస్తుంది. ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఊగి కవర్‌కి తగులుతుంది, గొలుసుని రేకు డబ్బాలో వేసి ఆడించినట్టు. ఈ శబ్దం ఇంజన్ ముందువైపు, అంటే బెల్ట్ ఉన్న వైపు నుంచి వస్తుంది. మూడు సెకన్లే కదా అని వదిలేయొద్దు. ఫిల్టర్, ఆయిల్ మార్చినా పోలేదంటే, నెలనెలా కాస్త కాస్త ఎక్కువవుతోందంటే చైన్ సాగింది. చాలా ఇంజన్లలో చైన్ పన్ను తప్పితే పిస్టన్ పోయి వాల్వ్‌ని కొడుతుంది. అప్పుడు మాత్రం నిజంగానే ఇంజన్ విప్పాలి.

పైన హెడ్ దగ్గర, అంటే ఇంజన్ పై భాగంలో, సన్నగా టిక్ టిక్ టిక్ అంటే వాల్వ్‌లని నొక్కే టప్పెట్లు. క్యామ్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఆ టిక్ టిక్ కూడా నిదానంగా ఉంటుంది, చెవికి అలవాటైతే తేడా తెలిసిపోతుంది. కొన్ని ఇంజన్లలో సందు అడ్జస్ట్ చేయాలి, కొన్నిట్లో ఆయిల్‌తో నిండే టప్పెట్లు, అవి మురికి పట్టి నిండటం ఆలస్యమవుతుంది. ఇంకోటి అచ్చం టప్పెట్ లాగే మోసం చేస్తుంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీక్, అంటే పొగ గొట్టం ఇంజన్‌కి బిగించే చోట లీక్. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కి ఇనుము వ్యాకోచించాక సందు మూసుకుని చప్పుడు పోతుంది. అక్కడ నల్లగా మసి గీత ఉంటే అదే. ఇది తెలియక హెడ్ విప్పించుకున్నవాళ్ళని చూశా.

ఐదు పది నిమిషాలు లోపల నుంచి బొంగురుగా కొట్టుకుని, వేడెక్కేకొద్దీ తగ్గితే పిస్టన్ స్లాప్ అంటాం. పిస్టన్ అల్యూమినియం, అది పోత ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బోర్‌లో, అంటే సిలిండర్ లోపల, వదులుగా అటూ ఇటూ తగులుతుంది, వేడెక్కాక సరిపోతుంది. ఆయిల్ తాగడం లేదు, పొగ లేదు అంటే దాంతో ఏళ్ళ తరబడి నడపొచ్చు. నేను ముట్టుకోను.

ఇప్పుడు నాలుగోది. వేడెక్కేకొద్దీ పెరిగేది. ఠక్... ఠక్... ఠక్ అని కింద నుంచి, బరువుగా, సుత్తితో కొట్టినట్టు, యాక్సిలరేటర్ తొక్కితే వేగంగా, వదిలేటప్పుడు మరీ స్పష్టంగా. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అది. ఆయిల్ వేడెక్కి పల్చబడేకొద్దీ సందు బయటపడుతుంది కాబట్టి పెరుగుతుంది. ఈ శబ్దం వింటే బండి ఆపేయండి. గ్యారేజీ రెండు కిలోమీటర్లే అన్నా నడపొద్దు, టోయింగ్ పిలవండి.

దీని గురించి ఒకటి చెప్పాలి మీకు. నాకు అప్పుడు 24 ఏళ్ళు, వేరే వాళ్ళ షెడ్డులో పని చేసేవాణ్ణి. హైదరాబాద్ పోవాల్సిన కుటుంబం, భార్యాభర్తా ఇద్దరు పిల్లలు, పొద్దున్నే వచ్చారు, ఇంజన్ కొట్టుకుంటోంది తమ్ముడూ అని. టైమ్ లేదు, చిక్కటి ఆయిల్ పోయి, 20డబ్ల్యూ-50, శబ్దం పోతుంది అని మా మేస్త్రి అన్నాడు. పోసింది నేనే. శబ్దం నిజంగానే తగ్గింది. ఆయన సంతోషపడి నా చేతిలో వంద పెట్టాడు. మధ్యాహ్నం గుత్తి దాటాక ఫోన్ వచ్చింది. రాడ్ తెగి బ్లాక్ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఏప్రిల్ ఎండ, రోడ్డు పక్కన పిల్లలతో. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే. ఆ ఇంజన్ రోజూ ఠక్ ఠక్‌మని అదే చెప్తోంది, నేను దాని నోరు మూశా. ఆ వంద చాలా రోజులు ఖర్చు పెట్టలేకపోయా.

అందుకే చిక్కటి ఆయిల్ మాట ఎవరైనా ఎత్తితే నాకు మనసు ఊరుకోదు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందు అంకె చలిలో ఎంత సులువుగా కదులుతుందో, వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర కూడా పంపు లాగగలగాలి, 20డబ్ల్యూని మైనస్ 20 దగ్గర. మన బెంగళూరులో జనవరి తెల్లవారుజామున మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి చలికి ఆయిల్ గడ్డకట్టింది సార్ అనే మాట ఇక్కడ చెల్లదు. కానీ 15 డిగ్రీల దగ్గర కూడా 20డబ్ల్యూ-50 అనేది 5డబ్ల్యూ-30 కంటే బాగా చిక్కన, సన్నటి దారుల్లో ఆలస్యంగా పోతుంది. అంటే మొదటి మూడు సెకన్ల సమస్యకి చిక్కటి ఆయిల్ పోస్తే ఆ సమస్యని మీరే పెంచినట్టు. కంపెనీ బుక్‌లో ఏ గ్రేడ్ రాశాడో అదే పోయండి.

ఇంజన్ విప్పకుండా చేసే పరీక్షలు

ఇంట్లో మీరు చేయగలిగింది ముందు చెప్తా. డిప్‌స్టిక్ తీసి చూడండి, పొద్దున, సమతలం మీద. కింది గీతకీ పై గీతకీ మధ్య చాలా బండ్లలో దాదాపు లీటర్ తేడా. ఆయిల్ తక్కువైందనే ఒక్క కారణంతో కొట్టుకునే బండ్లు ఎన్నో. తర్వాత ఫోన్. బానెట్ ఎత్తి, మీరు ఇంజన్ దగ్గర వీడియో ఆన్ చేసి నిలబడి, ఇంట్లోవాళ్ళని సెల్ఫ్ కొట్టమనండి. చున్నీ, టై, వదులు చేతులు బెల్ట్ దగ్గరికి పోనీయొద్దు. లోపల కూర్చున్నవాళ్ళు ఎర్ర ఆయిల్ లైట్ ఎప్పుడు ఆరిందో చూడాలి. రెండు సెకన్లు దాటి వెలుగుతుంటే రాసుకోండి. పది నిమిషాలకి ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి, ఆ రెండు మూడు సెకన్ల శబ్దం అప్పుడు లేదంటే ఆయిల్ కిందకి జారడం వైపే వేలు చూపిస్తోంది.

ఇంకో మంచి పరీక్ష, మెకానిక్‌తో చేయించుకోండి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకి కరెంటు పోయే ఫ్యూజో రిలేనో తీసి చల్లటి ఇంజన్‌ని ఐదారు సెకన్లు ఊరికే సెల్ఫ్ తిప్పాలి. పెట్రోల్ లేదు కాబట్టి స్టార్ట్ అవ్వదు, కానీ ఆయిల్ పంపు తిరిగి ఆయిల్ పైకెక్కుతుంది. ఫ్యూజ్ పెట్టి ఇప్పుడు స్టార్ట్ చేస్తే శబ్దం రాలేదంటే, జబ్బు చాలావరకు ఆయిల్ ఆలస్యంలోనే ఉంది. ఇంత సులువైన పరీక్ష, ఎంతమంది చేస్తారు చెప్పండి?

శబ్దం బెల్ట్ వైపు ఉంటే ఆల్టర్నేటర్‌ని, ఏసీని తిప్పే ఆ బయటి బెల్ట్ తీసేసి కొన్ని సెకన్లు మాత్రం స్టార్ట్ చేసి ఆపాలి. పోయిందంటే ఆల్టర్నేటర్ పుల్లీనో, టెన్షనర్ బేరింగో, ఏసీ కంప్రెసరో, ఇంజన్ తప్పేమీ లేదు. వినడానికి మెకానిక్ స్టెతస్కోప్ ఉంటుంది, లేకపోతే పొడుగు స్క్రూడ్రైవర్, పిడి చెవి దగ్గర ఆనించి మొన ఒక్కోచోట పెట్టి వినాలి. రాడ్ అనుమానం ఉంటే ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడాలి. ఏది పీకితే ఠక్ ఠక్ మెత్తబడిందో ఆ సిలిండర్. ప్లగ్ కాయిల్ పీకొద్దు, కాలని పెట్రోల్ పోయి, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది.

ఇక ఆయిల్ ప్రెషర్. ఆయిల్ స్విచ్ విప్పి అక్కడ గేజ్ బిగించి కొలవాలి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పౌండ్లు అనేది పాత లెక్క, అసలు అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఎర్ర లైట్ ఆరింది కాబట్టి ప్రెషర్ బాగుందనుకోవద్దు, ఆ లైట్ ఐదారు పౌండ్లకే ఆరిపోతుంది. చివరగా పాత ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. మెరుపు ఉంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగ్ పొర ఊడింది. ఇంజన్ దించాలి అన్నవాణ్ణి ఈ రెండు అడగండి, ప్రెషర్ ఎంత వచ్చింది, ఫిల్టర్‌లో ఏం కనబడింది అని. ఈ రెండూ చూపించి దించాలి అంటే ఒప్పుకోండి, అప్పుడు అది సరైన ఖర్చు.

ఏమ్మా, డీజిలా మీది? డీజిల్ చల్లగా ఉన్నప్పుడు కొంత గట్టిగానే కొట్టుకుంటుందమ్మా, అది మంట శబ్దం, నిమిషంలో తగ్గితే సహజం. పొగ కూడా వస్తూ స్టార్ట్ అవ్వడం కష్టమైతే గ్లో ప్లగ్‌లు, అంటే చల్లటి డీజిల్ ఇంజన్‌ని లోపల వేడి చేసేవి, చూపించండి. ఆపేటప్పుడు, స్టార్ట్ చేసేటప్పుడు గేర్‌బాక్స్ వైపు ఖణఖణమంటే ఫ్లైవీల్, క్లచ్ పక్కనుండే బరువైన చక్రం; క్లచ్ తొక్కితే శబ్దం మారుతుంది, అదీ గమనించండి.

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నాలుగో గేర్‌లో గిరగిరమని వచ్చేది వేరే బాబూ, అది పెట్రోల్ ముందుగా, తప్పుగా పేలడం. దాన్ని ఆపడానికే ఒకప్పుడు పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్ళు, మన దేశంలో 2000లో పూర్తిగా ఆపేశారు. గేర్ తగ్గించండి, కార్బన్ చూపించండి. స్టార్టింగ్ శబ్దంతో కలపొద్దు.

స్టార్ట్ చేయగానే రేస్ ఇవ్వొచ్చా అని వెనకాల అడిగారు. వద్దు సార్, అస్సలు వద్దు, ఆయిల్ చేరకముందే 3000 మీద తిప్పితే ఇందాకటి 60 చుట్లు 150 అవుతాయి. పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడమూ అక్కర్లేదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పొండి. డబ్బాల్లో అమ్మే శబ్దం తగ్గించే మందులా? చిక్కటి ఆయిల్ గురించి చెప్పిందే, గుత్తి సంగతి చెప్పాను కదా.

సరే, తొమ్మిదిన్నర అయింది, ఎండెక్కకముందే దిగుదాం. ముందు ఆ తెల్ల బండి, గురువారం నుంచి కదల్లేదంటున్నారు కదా, దాంతో మొదలుపెడదాం. ముగ్గురు ఫోన్లు పట్టుకోండి, ఒకరు బెల్ట్ వైపు, ఒకరు పైన, ఒకరు వంగి కింద. చెల్లెమ్మా, నువ్వు లోపల కూర్చుని ఆయిల్ లైట్ చూడు, ఆరగానే గట్టిగా చెప్పు. పిల్లల్ని కొంచెం దూరంగా పెట్టండి. స్టార్ట్ అయ్యాక ఎవరూ మాట్లాడొద్దు.